గది దాటిన మాట

ఆఫీసు గోడకు అంటించిన కాగితం మీద ‘వైవిధ్యంపై సిబ్బందికి శిక్షణ’ అని చూసినప్పుడు అది పంటల గురించే అనుకున్నాం. అప్పటికి కొన్నేళ్లుగా మేము రైతులకు చెబుతున్న మాట అదే. ఒక్క వేరుశనగనే నమ్ముకోవద్దు, సాళ్ల మధ్య కంది వేయండి, అలసంద వేయండి, జొన్న వేయండి, ఒకటి పోయినా ఇంకొకటి నిలుస్తుంది అని. కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో ఈ మాట చెప్పీ చెప్పీ మాకే విసుగొచ్చింది. మళ్లీ అనంతపురం పోయి మూడు రోజులు కూర్చుని అదే వినాలా అనుకుంటుంటే, ఈసారి పంటలు కాదు, మనుషులు అని మా డైరెక్టరు సారు చెప్పారు. నిధులిచ్చే విదేశీ సంస్థ కొత్తగా నిబంధన పెట్టిందట. ఆడామగా, కులం, మతం, అవిటితనం అన్న తేడాలు లేకుండా కలిసి పనిచేయడం ఎలాగో డ్రైవరు దగ్గర నుంచి డైరెక్టరు దాకా అందరూ నేర్చుకోవాలట.

రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన కరువు ఏళ్లవి. వేరుశనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసేది. ఊళ్లకు ఊళ్లు బెంగళూరు బస్సులెక్కుతున్నాయి. అలాంటప్పుడు ఈ శిక్షణలేమిటని మాలో కొందరు గొణిగారు. నాకు మాత్రం మూడు రోజులు ఎండలో తిరిగే పని తప్పుతుందని సంతోషంగానే ఉండింది.

నేను ఆ స్వచ్ఛంద సంస్థలో మహిళా సంఘాలు చూసేదాన్ని. మాది దగ్గర్లోనే ఒక పల్లె, మెట్ట భూములున్న కుటుంబం. అప్పటికి పెళ్లి కాలేదు. టౌనులో మా నాయన ఎప్పుడో కొన్న చిన్న మిద్దె ఒకటి ఉంటే, అందులో మా మేనత్తను తోడు పెట్టుకుని ఉండేదాన్ని.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మోపెడ్ నేర్పింది వాన నీళ్లు నిలబెట్టే పనులు చూసే మా వాటర్‌షెడ్ సూపర్‌వైజరు. పామిడి వైపు పల్లె ఆయనది. నాకంటే ఏడెనిమిదేళ్లు పెద్ద. మార్కెట్ యార్డు వెనకాల ఖాళీ జాగాలో నేను బండి మీద నుంచి పడ్డప్పుడల్లా నవ్వకుండా లేపి, మట్టి దులుపుకొమ్మని పక్కకు తిరిగి నిలబడేవాడు. ఆ మర్యాద చూసి మొదటి వారంలోనే అన్నా అని పిలవడం అలవాటైపోయింది. ఆయన భార్య నాకు వదిన. ఆమె మిషన్ కుట్టేది. నా జాకెట్లన్నీ ఆమే కుట్టింది. వాళ్లకు నాలుగేళ్ల పాప.

అదే మార్కెట్ యార్డు దగ్గర, శెనక్కాయల మండీ వ్యాపారి ఇంటి వెనక భాగంలో వాళ్లు బాడుగకు ఉండేవాళ్లు. రెండు గదులు, ముందు చిన్న పడసాల. ఆ వ్యాపారి తల్లి చాలా ముసలామె. కళ్లు సరిగా కనపడవు, చెవులూ అంతంతమాత్రమే. పాప పొద్దున లేచి మొహం కడుక్కోకముందే ఆమె దగ్గరికి పరిగెత్తేది. అవ్వ తన పళ్లెంలోంచే పాపకు ముద్దలు పెట్టేది. పాప ఆమె చెయ్యి పట్టుకుని వాకిట్లో అటూ ఇటూ నడిపించేది. నేను జాకెట్ల కోసం పోయినప్పుడు ఎన్నోసార్లు చూశాను, ఆ ఇద్దరూ గడప మీద కూర్చుని ఒకళ్లు చెప్పేది ఒకళ్లకు అర్థం కాకపోయినా మాట్లాడుకుంటూనే ఉండేవాళ్లు. పాపను నిద్రపుచ్చే పని కూడా ఆ అవ్వదేనని వదిన నవ్వుతూ చెప్పేది.

అన్న కులమేమిటో ఆఫీసులో దాదాపు అందరికీ తెలుసు. అది దాచుకునే చోటు కాదు. టౌనులో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ రెండింటి మధ్య ఆయన ఎలా నడుస్తున్నాడో మాలో ఎవరం ఎప్పుడూ ఆలోచించలేదు.

శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదు నుంచి ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నూలు చీర, పొట్టి జుట్టు, నెమ్మదైన గొంతు. మంచి మనిషి. ఇప్పటికీ ఆమె మీద నాకు కోపం లేదు. కుర్చీలు తీసేయించి అందరినీ గుండ్రంగా చాప మీద కూర్చోబెట్టింది. డైరెక్టరు సారు మోకాళ్ల నొప్పితోనే కింద కూర్చున్నారు. మొదటి రోజు ఆటలు, పాటలు, బొమ్మలు గీయడాలతో గడిచింది. రెండో రోజు మధ్యాహ్నం ఆమె పెద్ద చార్టు మీద ఒక వాక్యం రాసి గోడకు అంటించింది. ‘ఈ గదిలో మాట ఈ గది దాటదు.’ అందరిచేతా చదివించింది. మీరు పనిచేసే చోట, బతికే చోట మీలో ఏం దాచుకుని తిరుగుతున్నారో, ఇష్టమైతేనే చెప్పండి అంది.

మొదట టైపు చేసే అబ్బాయి చెప్పాడు. పోలియో వచ్చిన కాలు అతనిది. ఫీల్డుకు పోయే జీపులో తనను ఒక్కసారి కూడా ఎక్కించుకోలేదని, ఆ పల్లెలేవీ చూడకుండానే వాటి గురించి పేజీలు పేజీలు టైపు చేస్తున్నానని చెప్పాడు. మోపెడ్ మీద పల్లెకు పోతే మగవాళ్లు నా వెనక ఏం మాట్లాడతారో నేను చెప్పాను. ఒక్కొక్కరూ చెబుతుంటే గది మెత్తబడిపోయింది. అలాంటప్పుడు మనుషులకు ఒక ధైర్యం వస్తుంది. అది నిజమైన ధైర్యమేనని అప్పుడు అనిపిస్తుంది.

అన్న మొదలుపెట్టినప్పుడు నవ్వుతూనే ఉన్నాడు.

కళ్యాణదుర్గానికి కొత్తగా వచ్చినప్పుడు బాడుగ ఇంటి కోసం తిరిగిన సంగతి చెప్పాడు. ఇల్లు చూపించేవాళ్లు, బాడుగ చెప్పేవాళ్లు, బావి చూపించేవాళ్లు. అన్నీ అయినాక, మీరెవురప్పా, ఏమి కులము అని అడిగేవాళ్లు. నిజం చెబితే, అయ్యో, ఇంతకుముందే ఇంకొకరికి మాటిచ్చినామే అనేవాళ్లు. కొన్ని ఇళ్లయ్యాక విసిగిపోయి, మండీ వ్యాపారి అడిగినప్పుడు బలిజోళ్లమని చెప్పాడు. ఆ సాయంత్రమే తాళంచెవి చేతికొచ్చింది. ఒక్క అబద్ధమే కదా అనుకున్నాడు. దాని వెంట ఎన్ని వస్తాయో ఊహించలేదు. చుట్టాలను రావద్దనాలి. ఇంట్లో ఏం వండుతున్నారో వాసన రాకూడదు. పాపకు ఊరి సంగతులు ఎక్కువ చెప్పకూడదు, అది అవ్వకు చెప్పేస్తుంది.

అప్పటిదాకా మామూలుగానే చెప్పాడు. తండ్రి మాట వచ్చేసరికి నవ్వు పోయింది.

“మా నాయన తప్పెట కొడతాడు. ఆయప్ప చేతులు చూస్తేనే తెలిసిపోతాది. మనవరాలిని చూడాలని వస్తాడు. ఇంటికి పిల్చుకపోలేను. బస్టాండులోనే కూర్చోబెట్టి, పాపను ఆడికే ఎత్తుకపోతా. హోటల్లో టిఫిను తినిపించి, మళ్లా పామిడి బస్సు ఎక్కిస్తా. మూడేండ్లుగా మా నాయన నా ఇల్లు చూడలేదు.”

అంతవరకే చెప్పగలిగాడు. తర్వాత మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. ఆయన భుజాలు కదలడం చూసి నాకూ దుఃఖం ఆగలేదు. డైరెక్టరు సారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. అన్న పక్కనే కూర్చున్న మా స్టోర్‌కీపరు ఆయనను కావలించుకుని పెద్దగా ఏడ్చాడు. శిక్షణ ఇచ్చే ఆమె కూడా ఏడ్చింది. మనమంతా ఈ రోజు ఒక కుటుంబమయ్యాం అంది. ఆ రాత్రి అన్నాలు తినేటప్పుడు అన్న మొహం తేలిగ్గా, వానపడి వెలిసినట్టు ఉండింది. బరువు దించుకున్నా చెల్లీ అన్నాడు నాతో.

రెండు వారాలు కూడా గడవలేదు.

స్టోర్‌కీపరు భార్య అక్కను ఇచ్చింది మండీ వ్యాపారి బంధువుల ఇంటికే. అతను చెడ్డ ఉద్దేశంతో చెప్పలేదు. మా ఆఫీసులో ఒకాయన కష్టం వింటే గుండె పగిలింది, పాపం కన్నతండ్రిని బస్టాండులో కూర్చోబెడతాడంట అని ఇంట్లో కళ్లనీళ్లతో చెప్పాడు. భార్య తన అక్కకు జాలిగానే చెప్పింది. ఆ అక్క ఇంకొకరికి చెప్పేటప్పటికి జాలి ఎక్కడో రాలిపోయి, మార్కెట్ యార్డు దగ్గర ఇల్లు, మోసం అన్న ముక్కలు మాత్రం మిగిలాయి.

వ్యాపారి అరవలేదు, తిట్టలేదు. ఒక సాయంత్రం పడసాలలోకి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడి, ఇల్లు మావాళ్లకు కావాల్సి వచ్చిందప్పా, నెలాఖరుకు ఖాళీ చేయండి అన్నాడు. అన్నకు అర్థమైంది. ఎందుకని అడగలేదు. వ్యాపారే ఆగలేక మళ్లీ అన్నాడట.

“నువ్వు చెడ్డోడివని కాదు. అబద్ధం చెప్పినావు సూడు, అది తప్పు.”

“నిజం చెప్పింటే ఇచ్చేవాడివా అన్నా?”

అన్న అలా అడిగేసరికి ఆయన పడసాల దిగి వెళ్లిపోయాడట. ఇదంతా వదిన నాకు మరుసటి రోజు చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె ఏడవలేదు. ఎవరిదో జాకెట్టుకు కాజాలు కుడుతూనే చెప్పింది.

ఆమె ఏడ్చింది పాప గురించి చెప్పినప్పుడు. ఆ పొద్దున పాప ఎప్పటిలాగే లేచి అవ్వ దగ్గరికి పరిగెత్తింది. వ్యాపారి భార్య తలుపు వేసేసింది. అది ఆటేమో అనుకుని పాప తలుపు కొడుతూ నవ్వింది. లోపలి నుంచి అవ్వ, బిడ్డ వచ్చినాది, తలుపు తీయండే అని పిలుస్తూనే ఉంది. ముసలామెకు కారణం చెప్పారో లేదో తెలియదు. చెప్పినా వినిపించిందో లేదో. పిలిచీ పిలిచీ ఊరుకుంది. వదిన పోయి పాపను ఎత్తుకొచ్చింది. నెలాఖరు వరకు ప్రతి పొద్దునా ఆ తలుపు దగ్గర పాపను పట్టి ఆపడమే వదినకు పెద్ద పని అయింది.

ఆఫీసులో డైరెక్టరు సారు అన్నను గదిలోకి పిలిచి మాట్లాడారు, నన్నూ కూర్చోమన్నారు. ఆయన నిజంగానే బాధపడ్డారు. కేసు పెట్టాలనుకుంటే మీ ఇష్టం అన్నారు. ఆ మాట వెంటనే, టౌనులో మనమీద వ్యతిరేకత వస్తే సంఘాల పని ఏమవుతుందోనని కూడా అన్నారు. అన్న తల వంచుకుని విన్నాడు. కేసు పెడితే కోర్టోళ్లు ఇల్లిస్తారా సార్, ఇచ్చినా ఆ ఇంట్లో మా పాప ఎవరితో ఆడుకుంటాది అన్నాడు. నేను హైదరాబాదుకు ఫోను చేసి శిక్షణ ఇచ్చినామెకు చెప్పాను. నేను ఆ చార్టు రాయకుండా ఉండాల్సింది అని మాత్రం అంది. ఆమె మళ్లీ మా దగ్గరికి రాలేదు.

నాకు తోచిందొక్కటే. మా మిద్దెలో రెండు గదులు ఊరికే ఉన్నాయి. ఆదివారం ఊరికి పోయి నాయనను అడిగాను.

మా నాయన కఠినుడు కాదు. పొలంలో కూలీలతో కలిసి గట్టు మీద కూర్చుని సద్ది తినే మనిషి. వాళ్ల ఇళ్లలో పెళ్లికైనా చావుకైనా ముందు నిలబడేవాడు. అందుకే అడిగితే కాదనడనుకున్నాను. ఆయన పశువుల పాకలో గడ్డి వేస్తూ అంతా విన్నాడు. పాపం అన్నాడు. ఆ మండీవాడు అట్ల చేయకూడదు అన్నాడు. మరి మన ఇంట్లో పెట్టుకుందామా అంటే చేతిలో గడ్డి కింద పెట్టాడు.

“నాకేముందమ్మా. మీ పెదనాయనోళ్లు ఒప్పుకుంటారా? నీకు సంబంధాలు చూస్తాండాము. వచ్చినోళ్లు ఆ ఇంట్లో ఎవురుండారని అడగరా?”

నేను చాలా మాటలన్నాను. సగం శిక్షణలో విన్నవి, సగం కోపంలో వచ్చినవి. చివరికి నాయన ఒక్కటే అన్నాడు.

“ఆఫీసు పాఠం ఆఫీసులో పెట్టుకోమ్మా. ఈడ మనం బతకాల.”

అన్నం తినకుండానే బస్సెక్కాను. నేరుగా వదిన దగ్గరికి పోయి, నాయన సంగతి నేను చూసుకుంటాను, మీరు వచ్చేయండి, ఆ ఇంట్లో ఉండేది నేను కదా అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నీళ్లిచ్చింది.

“నువ్వు పిలిస్తే మాకు సంతోషమే. రేపు మీ నాయన వస్తే మేం మళ్లా యాడ దాక్కోవాల? ఇంగ దాక్కోలేనమ్మా.”

ఆ నీళ్లు తాగి ఇంటికి వచ్చేశాను.

నెలాఖరుకు వాళ్లు టౌను చివర కాలనీలోకి మారిపోయారు. ఒకటే గది, రేకుల కప్పు. నీళ్లు ట్యాంకరు వస్తేనే. సామాన్లు తీసుకెళ్లేందుకు మా ఆఫీసు జీపు ఇచ్చారు. టైపు చేసే అబ్బాయి ముందు సీట్లో కూర్చుని, ఒళ్లో కుట్టుమిషను తలకాయ పెట్టుకుని వచ్చాడు. అతను ఆఫీసు జీపు ఎక్కడం నేను చూసింది అదే మొదలు. అవ్వకు చెప్పి వస్తానని పాప ఏడ్చింది. అవ్వ వాళ్ల తలుపు మూసే ఉంది.

స్టోర్‌కీపరు ఆఫీసులో ఎవరి మొహమూ చూడలేక తిరిగాడు. ఒకరోజు అందరూ పోయాక అన్న టేబులు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నువ్వు ఏడ్చింది నిజమే కదన్నా, ఇంగ వదిలేయి అన్నాడు అన్న. ఆ మాట కంటే తిట్టి ఉంటే బాగుండేదని స్టోర్‌కీపరు తర్వాత నాతో అన్నాడు.

కాలనీకి మారిన కొద్ది రోజులకు అన్న తండ్రి వచ్చాడు. ఈసారి బస్టాండు నుంచి నేరుగా ఇంటికే. ఆ సాయంత్రం నేను పోయేసరికి వాకిట్లో మంచం మీద కూర్చుని, వదులైన నులక బిగిస్తున్నాడు. సన్నటి మనిషి, తెల్లగా నెరిసిన మీసాలు. పాప మంచం కింద దూరి ఆడుకుంటోంది. అన్న ట్యాంకరు దగ్గర నీళ్ల కోసం నిలబడ్డాడు. నేను కొడుకుతో పనిచేసే పిల్లనని తెలిసి, పెద్దాయన నన్ను రాతి మీద కూర్చోమన్నాడు. కాసేపు వానల గురించి మాట్లాడాడు. పెన్నలో ఇసుక తప్ప నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో చెప్పాడు. ఇన్నాళ్లకు కొడుకు ఇల్లు చూశారు తాతా అన్నాను.

ఆయన నులక లాగుతూనే, గొంతు తగ్గించి చెప్పాడు.

“నాకు తెల్దా అమ్మా, వాడు బస్టాండులోనే ఎందుకు కూర్చోబెడతాండాడో. టీ గ్లాసు ఇచ్చేటప్పుడు నా మొగం సూసేవాడు కాదు. అందుకే, పనుండాదిరా, పోతానని నేనే తొందరపెట్టి బస్సెక్కేవాణ్ణి. వాడికి చెప్పొద్దు. నాకు తెల్సని తెలిస్తే ఇంగా కుములుతాడు.”

నేను అన్నకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు ఆ పెద్దాయన లేడు. నులక బిగించిన ఆ రాత్రి ఆయన మొదటిసారి కొడుకింట్లో పడుకున్నాడు. రేకుల వేడికి లోపల ఎవరికీ నిద్రపట్టక అందరూ వాకిట్లోనే పడుకున్నారని వదిన చెప్పింది.

మరుసటి ఏడు నిధుల సంస్థ వాళ్లు మళ్లీ శిక్షణ పెట్టారు. పోయిన ఏటి శిక్షణ వల్ల సిబ్బందిలో చాలా మార్పు వచ్చిందని వాళ్ల నివేదికలో రాశారట. ఈసారి బెంగళూరు నుంచి ఒక యువకుడు వచ్చాడు. అతను కూడా చాపలు వేయించాడు. అతనికి ఏమీ తెలియదు. మనసు విప్పి మాట్లాడమని అందరినీ అడిగాడు. ఒకరు తనకు తీపి అంటే ఇష్టమని చెప్పారు. ఒకరు చీకటంటే భయమన్నారు. స్టోర్‌కీపరు తన వంతు వచ్చినప్పుడు లేచి బయటికి పోయాడు. అన్న గోడకు ఆనుకుని కూర్చుని, తనకు చెప్పేదేమీ లేదని మర్యాదగా నవ్వాడు. ఆ యువకుడు మా వాళ్లు బాగా బిడియస్తులని అనుకుని ఉంటాడు. సాయంత్రానికి అందరూ బొమ్మలు గీసి, రంగులు వేసి లేచారు.

ఆ ఎండాకాలమే అన్న ఉద్యోగం మానేశాడు. సారు వద్దన్నారు, జీతం పెంచుతామన్నారు. ఇంటి సంగతి వల్ల కాదు సార్, పాపకు మంచి బడి కావాల అన్నాడు. ముగ్గురూ బెంగళూరు పోయారు. వదిన గార్మెంట్స్‌లో చేరింది. అన్న ఒక పెద్ద కంపెనీలో సెక్యూరిటీ వాళ్ల మీద సూపర్‌వైజరుగా కుదిరాడు. పల్లెపల్లెనా వాగులకు అడ్డంగా ఆయన కట్టించిన చెక్‌డ్యాముల్లో ఆ తర్వాతి ఏడు వాన పడి నీళ్లు నిలిచాయి. చూడటానికి రమ్మని ఫోను చేశాను. సెలవు దొరకలేదన్నాడు.

నాకు పెళ్లయింది. అదే ఆఫీసులో ఇంకొన్నాళ్లు చేశాను. నాయన ఆ మాట మళ్లీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అంతకుముందు మేమిద్దరం గంటల కొద్దీ మాట్లాడుకునేవాళ్లం. ఆ తర్వాత వానలు, పంటలు, మందులు తప్ప మా మధ్య మాటలు తగ్గిపోయాయి. ఆయన్ను ప్రేమించడం నేను మానలేదు. ఏదైనా అడగడం మాత్రం మానేశాను.

ఒకసారి బెంగళూరు పోయినప్పుడు వాళ్లింటికి వెళ్లాను. పాప పెద్దదైంది, కన్నడం గలగలా మాట్లాడుతోంది. కళ్యాణదుర్గం గుర్తుందా అని అడిగితే లేదు అంది. వదిన మజ్జిగ ఇచ్చి, గార్మెంట్స్‌లో పని మానేశాక చేతులు ఊరికే ఉండట్లేదని నవ్వింది. తను పనిచేసే కంపెనీలో కూడా ఈమధ్య అలాంటి శిక్షణే పెట్టారని అన్న చెప్పాడు. పెద్ద హాలు, చల్లటి ఏసీ, అందరికీ బిస్కెట్లు. పక్కపక్కన కూర్చున్నవాళ్లను తమ గురించి ఒకరికొకరు చెప్పుకోమన్నారట.

ఏం చెప్పినావన్నా అని అడిగాను.

“పేరు చెప్పినా. ఊరు అనంతపురమని చెప్పినా. ఇంగ టీ తాగి వచ్చేసినా.”